తేలికపడని తిత్తి

జూన్ 18

కప్పల డాక్టరమ్మా,

అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. అబద్ధంతో ఎందుకు మొదలుపెట్టడమని ఆ మాట వదిలేస్తున్నాను. మీ అన్నయ్య క్షేమం. ఆయనకేం, డిపోలో గడియారం చూసి బస్సుల్ని బయటికి పంపడం, ఇంటికొచ్చి మంచమెక్కడం. నేనూ నీ మేనకోడలు గలగలా మాత్రం క్షేమంగా లేము.

గలగలని ఈ ఏడు కొత్త స్కూల్లో రెండో క్లాసులో వేశాం కదా. అక్కడ రూలొకటి పెట్టారు. పుస్తకాల మీద నీళ్ళు ఒలుకుతున్నాయని పిల్లల సీసాలన్నీ వరండాలో అల్మారాలో పెట్టిస్తున్నారు. బెల్లు కొడితేనే తాగాలట, బెల్లు కొడితేనే బాత్రూముకి పోవాలట. మిగతా పిల్లలకి అది రూలు, దీనికి శిక్ష. నీకు తెలియందేముంది, ఇది ఎన్ని నీళ్ళు తాగితే అన్నీ రంగూ వాసనా లేకుండా అలాగే బయటికి పోతాయి. మళ్ళీ నాలుక పిడచకట్టుకుపోతుంది. మొన్న ఆగలేక గౌను తడుపుకుంది. ఆరేదాకా వరండాలో నిలబెట్టారు, వచ్చేపోయే పిల్లలంతా చూస్తుండగా.

సంగతి తెలిసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టైలరింగ్ షాపులో ఎవరిదో కోటు సగం విప్పి ఉంది. దాన్నలాగే వదిలేసి, మెడలో కొలత టేపుతోనే స్కూలుకి పరిగెత్తాను. హెడ్మిస్ట్రెస్ నన్ను కూర్చోమనలేదు. అందరికీ లేని దాహం మీ అమ్మాయికే ఎందుకమ్మా అని అడిగింది. అదే దాని జబ్బండీ అన్నాను. దాహం జబ్బేమిటి, అలవాటు అంది. జబ్బో అలవాటో తేల్చడానికి ఆవిడెవరు?

పెద్దాసుపత్రి డాక్టరు ఇంకో రకం. హార్మోను మందు ఇచ్చి చూశాడు, పని చెయ్యలేదు. కిడ్నీ దాని మాట వినడం లేదు, పిల్లని కావలసినన్ని నీళ్ళు తాగనివ్వండి అని లేచిపోయాడు. ఎందుకు వినడం లేదండీ అంటే, చెప్పినా మీకు అర్థం కాదు అన్నాడు. కోటుని పైనుంచి తడిమి లోపల లైనింగు ఏ కుట్టు దగ్గర పట్టేసిందో చెప్పేదాన్ని, నాకు అర్థం కాదట.

నువ్వు ఇన్నేళ్ళుగా కప్పల ఉచ్చతిత్తులు పట్టుకుని వేలాడుతున్నావు కదా, దీని కిడ్నీ మాట విననిది ఆ హార్మోనుదేనని, నీ పనీ దాని మీదేనని ఒకసారి అన్నావు. నాకు అర్థమయ్యేలా రాయి. ఫోన్ చెయ్యకు. ఫోనెత్తితే సగం మాటలు మీ అన్నయ్యే మాట్లాడతాడు. కాగితమైతే ఆయన అడ్డం రాడు.

ఒళ్ళు మండిపోతున్న
నీ వదిన


జూన్ 25

వదినా,

నీ ఉత్తరం లాబులోనే చదివాను. చదివాక చేతిలో గాజుగొట్టం ఎక్కడ పెట్టానో గుర్తులేదు, అంత కోపమొచ్చింది. గౌను ఆరేదాకా నిలబెట్టారా? ఆ హెడ్మిస్ట్రెస్‌ని ఓ పూట మా బోదురుకప్పల తొట్టిలో కూర్చోబెట్టాలి. అవి ఆవిడకంటే మర్యాదగా ఉంటాయి.

ఇక అడిగింది చెబుతాను. కప్పకి మూత్రపు తిత్తి ఒట్టి మురికిగుంట కాదు, నీళ్ళ ట్యాంకు. తడి ఉన్నంతకాలం ఆ తిత్తి లోపలి గోడ గట్టిగా మూసుకుని ఉంటుంది, చుక్క నీరు పోనివ్వదు. నేల ఎండిందనుకో, కప్ప ఒళ్ళు ఆరుతుంది, రక్తం చిక్కబడుతుంది, అప్పుడు మెదడు దగ్గర్నుంచి ఆ హార్మోను దిగుతుంది. అది తిత్తిని రక్తం వైపు నుంచి తడుతుంది. తలుపులు ఉండాల్సింది రెండో వైపు, లోపల నీళ్ళున్న వైపు గోడకి. తమాషా ఏమిటంటే, తట్టేసరికి ఆ గోడకి తలుపులే ఉండవు. కణం లోపల చిన్న చిన్న సంచులుంటాయి, నీళ్ళు దూరే దారులు ఆ సంచుల పొరలో ఉంటాయి. తట్టిన చప్పుడు వినగానే సంచులు బయలుదేరి గోడ దగ్గరికి పోయి, గోడలో కలిసిపోతాయి. నువ్వు జేబు గుడ్డని చొక్కాకి కలిపి కుట్టేస్తావే, అలా. ఇప్పుడు గోడ నిండా తలుపులే. తిత్తిలో నీళ్ళు ఒంట్లోకి వచ్చేస్తాయి. హార్మోను వెళ్ళిపోయిందా, గోడ లోపలికి ముడుచుకుని ఆ తలుపుల్ని మళ్ళీ సంచుల్లోకి లాగేసుకుంటుంది. నాకు ఇన్నేళ్ళు చూసినా మొహం మొత్తని సంగతి ఇది. దాహమే ఆ తలుపుల్ని గోడ దగ్గరికి పిలుస్తుంది.

(రెండో కాగితం)

కానీ వదినా, ఇదంతా పని చేసే ఒంట్లో సంగతి. మన కిడ్నీలోనూ ఇదే ఏర్పాటు. గలగల ఒంట్లో తట్టే చెయ్యి ఉంది, తలుపులు గోడకి చేరడం లేదు. వినే చెవి లేకపోవచ్చు, సంచి దారిలో ఆగిపోవచ్చు. ఎక్కడ ఆగినా ఫలితం ఒకటే. ఎంత దాహం వేసినా నీళ్ళు వెనక్కి రావు. దాన్ని గంట దాహంతో ఉంచితే అది నేర్చుకోదు, ఎండిపోతుంది. ప్రాణం మీదికొస్తుంది. సీసా చేతికందే చోట ఉండాలి. ఇప్పటికి అదొక్కటే మందు.

మా లాబు పెద్దాయనకి ఈ సంగతి చెప్పి, స్కూలుకి ఒక మాట రాసివ్వమన్నాను. కప్పల ముచ్చట మనుషులకి అంటగట్టకు అన్నాడు. బల్ల మీద తిత్తులన్నీ ఎవరికోసం కడుతున్నామో మరి.

నవ్వుకోవడానికి ఒకటి. బోదురుకప్పని పట్టుకుంటే భయంతో తిత్తిలో నీళ్ళన్నీ మన మీదే పోసేస్తుంది. అన్నయ్య చిన్నప్పుడు ధైర్యం చూపిస్తానని ఒకదాన్ని నిక్కరు జేబులో వేసుకుని, కేకలు పెడుతూ వీధి చివరిదాకా పరిగెత్తాడు. నిక్కరు తడిపింది కప్పా, అన్నయ్యా అన్నది ఇప్పటికీ తేలలేదు. అడిగి చూడు, మొహం ఎలా పెడతాడో.

గలగలకి ముద్దులు.

నీ ఆడపడుచు


జూలై 9

మహామేధావి గారికి,

ఈ రోజు నుంచి మిమ్మల్ని మీరు అనే అంటాను. పరాయివాళ్ళని అలాగే అనాలి కదా.

గలగల ఆసుపత్రిలో ఉంది. స్కూల్లో డ్రిల్లు చేయిస్తుండగా పడిపోయింది. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, నన్ను చూసి నేనెవరో గుర్తుపట్టలేదు. ఒంట్లో ఉప్పు పెరిగిపోయిందట. సెలైను కూడా ఆత్రంగా ఎక్కించకూడదట, మెదడు వాచిపోతుందట. బొట్టు బొట్టుగా దిగుతుంటే ఆ బొట్లు చూస్తూ కూర్చున్నాను. ఈ రోజు కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. అందుకే చేతికి కలం వచ్చింది.

డ్రిల్లు మాస్టారు దానికి పొద్దుటి నుంచీ సీసా ఇవ్వలేదు. అడిగితే ఇంకాసేపు ఓర్చుకో, నీకే మంచిది అన్నాడట. మనిషివేనా అని ఆయన్ని పట్టుకుని కడిగేశాను. ఆయన తల దించుకుని హెడ్మిస్ట్రెస్ గది వైపు చూపించాడు. ఆవిడ తాపీగా, "మీ ఆడపడుచుగారు రాసి పంపిందే చేశామమ్మా. దాహం వేస్తేనే తలుపులు వస్తాయని సైన్సు చెబుతోందిగా," అంది.

నాకు రాసింది ఒకటి, స్కూలుకి రాసింది ఒకటా? నాకేమో సీసా చేతికందే చోట ఉండాలని. వాళ్ళకేమో పిల్లని ఎండబెట్టి చూడమని. మీ పెద్దాయన ఏం చెబితే అది రాశారా? లేక కప్పల మీద చేసి చేసి విసుగుపుట్టి మా పిల్ల మీద చెయ్యాలనిపించిందా? అది మీ పేరు చెప్పుకుని మురిసిపోతుంది. మా అత్త కప్పలకి డాక్టరని నర్సులందరికీ చెప్పింది. నాకేమో ఆ మాట వింటుంటే పుండు మీద కారం చల్లినట్టుంది.

జవాబు రాయనక్కర్లేదు.

గలగల తల్లి


జూలై 13

వదినగారికి,

జవాబు రాయొద్దన్నా రాస్తున్నాను. మీరు నన్ను తిట్టిన తిట్లు నాకు లెక్కలేదు. గలగల కళ్ళు తెరిచిందన్న వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

నేను ఆ స్కూలుకి ఒక్క అక్షరం రాయలేదు. ఆ స్కూలు అడ్రసు కూడా నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఒక ఇంటి మనుషులుగా ఉండి, నేను పిల్లని ఎండబెట్టమంటానని ఎలా అనుకున్నారు? నాకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది. పిల్ల మీద ప్రయోగమా? ఆ మాట మీరు నోటితో అనుంటే ఊరుకునేదాన్నేమో. తీరిగ్గా కాగితం మీద పెట్టారు.

ఆవిడ చెప్పిన మాట నాదే, ఒప్పుకుంటాను. మీకు రాసిన ఉత్తరంలో మొదటి కాగితం ఆఖరి వాక్యమది. దాని వెనకే "కానీ" అని రెండో కాగితం మొదలవుతుంది. ఆవిడ దగ్గర ఉన్నది ఏమిటో, ఎన్ని కాగితాలో, ముందు అది అడగండి. అక్కడికి ఎవరి చేతుల మీదుగా పోయిందో కూడా అడగండి. ఫోన్ అయితే అన్నయ్య అడ్డం వస్తాడన్నారు, కాగితమైతే రాడన్నారు.

గలగల ఎలా ఉందో మాత్రం రాయండి. నా మీద తర్వాత కోపపడొచ్చు.

మీ ఆడపడుచు


జూలై 20

ఒసే అమ్మాయీ,

మీరూ గీరూ కట్టిపెట్టు. నేనే మొదలుపెట్టాను, నేనే ముగిస్తున్నాను. నోరు జారాను. నీ కాళ్ళు పట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందని నువ్వే అంటావు గనక పట్టుకోవడం లేదు.

గలగల ఇంటికొచ్చింది. చిక్కిపోయింది గానీ నోరు మాత్రం చిక్కలేదు. నర్సు సూది గుచ్చేటప్పుడు ఎలా మొహం పెడుతుందో ఇల్లంతా తిరిగి చేసి చూపిస్తోంది.

హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి ఆ ఉత్తరం చూపించమన్నాను. బీరువాలోంచి తీసింది. పైన "వదినా" అని ఉంది. నీ రాతే. ఒక్కటే కాగితం. దాహమే పిలుస్తుందన్న వాక్యం కింద ఎర్రగీత. దాన్ని టీచర్లందరినీ కూర్చోబెట్టి చదివిందట. తీసుకొచ్చి ఇచ్చిన మహానుభావుడు మీ అన్నయ్య.

ఇంటికొచ్చి నిలదీస్తే చాలాసేపు నీళ్ళు నమిలాడు. మా చెల్లెలు సైంటిస్టని చూపిస్తే వాళ్ళు దారికొస్తారనుకున్నాడట. మరి రెండో కాగితమేదని అడిగాను. డిపో సంచిలోంచి తీశాడు, నాలుగు మడతలు పెట్టి ఉంది. "అందులో నా నిక్కరు సంగతి ఉందే. ఆవిడ ముందు ఎలా పెట్టను?" అన్నాడు. పిల్ల ప్రాణం ఒక పక్క, ఆయన నిక్కరు ఇంకో పక్క. ఆయన తన నిక్కరునే కాపాడుకున్నాడు. ఇప్పుడు డ్యూటీకి కూడా పోకుండా దాని మంచం పక్కనే కూజా పట్టుకుని కూర్చుంటున్నాడు. అది వద్దన్నా గ్లాసు నింపుతున్నాడు. జాలిపడమని రాయడం లేదు, ఉన్నది రాస్తున్నాను.

రెండో కాగితం పట్టుకెళ్ళి హెడ్మిస్ట్రెస్ ముందు పెట్టాను. చదివింది. నిక్కరు దగ్గర నవ్వింది కూడా. తప్పు జరిగిందన్న ముక్క మాత్రం నోట రాలేదు. ఒక పిల్లకి సీసా ఇస్తే రేపు అందరూ అడుగుతారట. నెలాఖరుకి కమిటీలో తేలుస్తారట. కుదరదంటే పిల్లని మాన్పించి ఇంట్లోనే చదివించుకోమంది. నాతో వచ్చిన గలగల తలుపు చాటు నుంచి విని, నేనింక క్లాసులో బెంచీ మీద కూర్చోకూడదా అని అడిగింది. ఏం చెప్పను?

నీ వదిన


జూలై 27

వదినా,

అన్నయ్యని నేనే స్వయంగా వచ్చి కప్పల తొట్టిలో ముంచుతానని చెప్పు. ఉత్తరంలో ఆ ముక్క చదివి ముందు నవ్వొచ్చింది, నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

నిన్న మా లాబుకి ఎవరొచ్చారో చెబితే నమ్మవు. మీ డ్రిల్లు మాస్టారు. తెల్ల గుడ్డబూట్లు, మెడలో విజిలు. అన్నయ్య దగ్గర అడ్రసు తీసుకుని, సెలవు పెట్టి బస్సులో వచ్చాడు. తనెవరో చెప్పగానే గెంటేద్దామనుకున్నాను. నోటికొచ్చినన్ని అన్నాను కూడా. అన్నీ విని, "మీ ఉత్తరం మొదటి కాగితంలో ఉన్నది అబద్ధమాండీ?" అని అడిగాడు. కాదు, నిజమే అన్నాను. అయితే పిల్ల ఎందుకు పడిపోయిందో నాకు కళ్ళారా చూపించండి అన్నాడు. చదవడానికి రాలేదట, చూడటానికి వచ్చాడట.

చూపించాను. రెండు తిత్తులు గాజుగొట్టాల చివర సంచుల్లా కట్టి, లోపల పలచటి నీళ్ళు నింపి, ఉప్పునీళ్ళ గ్లాసుల్లో వేలాడదీశాను. రెండో తిత్తిని ముందే ఒక మందులో నానబెట్టి ఉంచాను. కణం లోపల సంచులు నడిచే దారుల్ని ఆ మందు తెంచేస్తుంది. తర్వాత రెండింటికీ హార్మోను వేశాను. మధ్యమధ్యలో తీసి, తడి అద్ది, తూచడమే పని. ఇన్నేళ్ళుగా నా బతుకంతా ఈ కప్పల తక్కెడే కదా.

మొదటి తిత్తి తూచినప్పుడల్లా తేలికవుతూ వచ్చింది. నీళ్ళు గోడ దాటి బయటికి వచ్చేస్తున్నాయి. రెండోది పేరుకి కాస్త తగ్గింది, అంతే. ఆయన ఆ కాస్తనే పట్టుకున్నాడు. తగ్గింది కదండీ, ఇంకొంచెం వెయ్యండి అన్నాడు. వేశాను. తూచాను. అంతే ఉంది. ఇంకాసేపు ఉంచుదాం అన్నాడు. ఉంచాం. అంతే. ఇంకొంచెం అన్నాడు మళ్ళీ. ఆ గొంతు విని నా కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. ఆ తిత్తి ఎలాగైనా మాట వినాలని ఆయన కోరుకుంటున్నాడు. అది వింటే ఆయన చేసింది అంత తప్పు కాదు.

"ఎంత వేసినా అంతేనా?"

"అంతే. దానికి ఓర్పు లేక కాదు, దారి లేక."

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆ పిల్ల నాతో ఓర్చుకుంటా సార్ అందండీ, రెండుసార్లు అంది, మూడోసారి మాట రాలేదు అన్నాడు. నేను ఓదార్చలేదు వదినా. ఓదార్చే అధికారం నాది కాదు. మంచినీళ్ళు ఇచ్చాను, ఆయన తాగలేదు.

మా పెద్దాయన అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. కప్పల ముచ్చట మనుషులకి అంటగట్టొద్దని ఈసారి అనలేదు. ఏమీ రాసివ్వనూ లేదు.

కమిటీలో ఏమైందో వెంటనే రాయి. మాన్పించమంటే మాత్రం ఊరుకోకు.

నీ ఆడపడుచు


ఆగస్టు 2

అమ్మాయీ,

కమిటీ అయింది. మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. గలగల మా ఇద్దరి మధ్య. మీ అన్నయ్య ఒళ్ళో దాని సీసా. ఆయన ఆ రెండో కాగితం కమిటీ మనుషులందరికీ తనే చదివి వినిపించి బయటికి వచ్చాడు, నిక్కరుతో సహా. చెవులు ఎర్రగా ఉన్నాయి.

లోపల డ్రిల్లు మాస్టారి గొంతు తలుపు ఇవతలికి కూడా వినబడింది. తిత్తి కట్టడం దగ్గర్నుంచి తూచడం దాకా అన్నీ చెప్పాడు. ఆఖర్న, క్లాసులో ఆ పిల్ల దగ్గర సీసా లేకపోతే నేను గ్రౌండులో ఉండను అన్నాడు. ఆయన్ని నేను క్షమించలేదు. క్షమించేదీ మానేదీ గలగల పెద్దయ్యాక చూసుకుంటుంది. కానీ ఆ మాట అన్నాడని మాత్రం నీకు రాయాలి.

తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచారు. హెడ్మిస్ట్రెస్ ఒక కాగితం నా చేతికిచ్చింది. ఈ విద్యార్థిని విషయంలో దయతో నిబంధన సడలించి, క్లాసులో నీటి సీసా ఉంచుకోవడానికీ, అవసరమైనప్పుడు బయటికి వెళ్ళడానికీ అనుమతించడమైనది అని ఉంది. మీ అన్నయ్య రెండు చేతులూ జోడించబోయాడు. నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. కాగితం తిరిగి ఆవిడ బల్ల మీద పెట్టాను.

"ఇందులో ఒక మాట తీసెయ్యాలండీ. దయతో అన్నది."

ఆవిడ, అది మామూలుగా రాసే మాటేనమ్మా, కావలసింది దొరికింది కదా, ఇంకా ఈ పట్టుదలేమిటి అంది. దొరకడానికి అదేమన్నా పారేసుకున్న వస్తువా అన్నాను. దయ మీదైతే రేపు మీకు మనసు బాగోలేనప్పుడు వెనక్కి తీసుకుంటారు, అప్పుడు నా పిల్ల మళ్ళీ నేల మీద పడుతుంది, దాని ప్రాణం మీ మనసు మీద ఆధారపడటానికి నేను ఒప్పుకోను అన్నాను. కమిటీలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు గలగల నా కొంగు లాగి, దయ అంటే ఏంటమ్మా అని అడిగింది.

"ఇవ్వకపోయినా మనం ఏమీ అనలేనిది ఇస్తే, అది దయ."

"మరి నీళ్ళో?"

"ఇవ్వకపోతే పోట్లాడాల్సింది."

హెడ్మిస్ట్రెస్ పెన్ను మూత తీసి, ఆ మాట మీద గీత కొట్టి, పక్కన సంతకం పెట్టింది. గీత మాత్రం గట్టిగానే కొట్టింది. గలగల వాళ్ళ నాన్న చేతిలోంచి సీసా లాక్కుని, ఆ గది మధ్యలో నిలబడి, ఎవరినీ అడక్కుండా, గటగటా తాగింది.

నీ వదిన